చిల్లర నూట తొంభై అయిదు

టిన్ ఫ్యాక్టరీ దగ్గర బ్యాటరీల షాపు పైన జిమ్ము.
కిటికీ పక్కన చెక్క పడవ.
పడవంటే పడవ కాదు, రెండు పట్టాలు, జారే పీట,
పట్టీకి కట్టిన పిడి,
ముందు గాజుబుర్రలో పదిహేడు లీటర్ల నీళ్ళు.
లాగితే నీళ్ళు సుడి తిరుగుతాయి.
పీట జారుతుంది. ఊరు కదలదు.

మొన్న ఏప్రిల్‌లో ట్యాంకరు రాని తొమ్మిది రోజులూ
ఎదురింటివాళ్ళు ఆ బుర్ర వంకే చూశారు.
"మందు బిళ్ళ వేశాం, తాగొద్దు" అని
లోహిత్ కాగితాలు అంటించాడు.
కన్నడం తను రాశాడు, తమిళం ఎవరో రాశారు,
తెలుగు నా చేత రాయించాడు.

నలభై రెండు వేల నూట తొంభై అయిదు మీటర్లు.
వాడు అంకె చెప్పగానే నాకు రూటు కనబడింది:
మెజెస్టిక్‌లో ఎక్కితే మేఖ్రి సర్కిలు, హెబ్బాళ, యలహంక,
బాగలూరు క్రాసు దగ్గరికి సగం,
సాదహళ్లి టోలు, దేవనహళ్లి కోట,
ఇంకాస్త అవతల ద్రాక్షతోటల దాకా.
నాలుగ్గంటల పావు. జామ్ లేకపోతే.

నడుంలో పూస జరిగిందని
డిపోలో నాకొక కుర్చీ ఇచ్చారు.
ఫ్యాను కింద కుర్చీ. దాని మీద కోపంతో
ఈ పీట ఎక్కాను, అంతే, పెద్ద కారణమేం లేదు.

వెనక్కి తిరిగి పోవడం వింతగా లేదా అంటారు.
ఇరవై రెండేళ్ళు ముందుకు పోయే బస్సులో
డ్రైవరుకి వీపు పెట్టి నిలబడ్డదాన్ని.
రాబోయే స్టాపు నేనెప్పుడూ చూడలేదు,
అరిచి చెప్పానంతే.

కాళ్ళు, నడుము, చేతులు.
తిరిగొచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్ళు.
నాకర్థమైంది వేరేగా:
దిగేవాళ్ళని దిగనీ, ఆ తర్వాతే ఎక్కేవాళ్ళు.

కుడి అరచెయ్యి రాడ్డు పట్టి పట్టి కాయ కాసింది.
ఎడమది టికెట్ మిషను మోసిన చెయ్యి, మెత్తన.
బొబ్బలన్నీ దానికే.
సూదితో పొడిచి, పసుపద్ది, టేపు చుట్టి
మర్నాడు మళ్ళీ.

ఆషాఢంలో పదివేలు. శ్రావణంలో సగం దూరం.
వినాయక చవితి వెళ్ళిన గురువారం
ముప్ఫై వేలనుకుని ఇరవై ఆరు దగ్గర దిగిపోయాను.
పిర్రలు నావి కాకుండా పోయాయి.
మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే
బ్యాటరీ షాపు కుర్రాడు కంగారులో
డిస్టిల్డ్ వాటర్ సీసా ఇవ్వబోయి
నాలిక కరుచుకుని టీ తెచ్చాడు.

అప్పట్నుంచి పాత ఖాకీ ప్యాంటు మడిచి పీట మీద వేస్తున్నా.
అరగంటకొక గుక్క రాగి గంజి,
గంటకొక ఖర్జూరం, ఉప్పు రాసి.

నలభై రెండు వేలు సరే,
ఈ చిల్లర నూట తొంభై అయిదు ఎవరు పెట్టారో!
నిద్రలో అదే లెక్క.
టికెట్టు వెనక బాకీ గీసిచ్చాక
అడగడం మరిచి దిగిపోయినవాళ్ళు ఎంతమంది?
మారత్తహళ్లిలో గొడుగు ముసలాయన, మూడు రూపాయలు.
కాలేజీ పిల్ల, ఎనిమిది.
సంచిలో అడుగున మిగిలిన వాళ్ళ నాణేలు
నేను వాడుకున్నాను. టీకి, పూలకి.

మునివెంకటప్పన్న పదకొండేళ్ళు
అద్దంలో నా జడ చూసి బండి నడిపినవాడు.
"యాడికి పోతావమ్మే అంత దూరం?" అన్నాడు.
"యాడికీ లేదన్నా."
కాసేపు ఆలోచించి, "అయితే నేనూ వస్తా" అన్నాడు.

రేపు ఆయన ముందు స్టూలు వేసుక్కూర్చుంటాడు.
విజిల్ ఇచ్చేశాను.
ఒకటి ఊదితే ఆగాలి, రెండు ఊదితే పోవాలి.
ఒకటి మాత్రం ఊదొద్దని ఒట్టు పెట్టించుకున్నా.

రాత్రి రెండింటికి ట్యాంకరొచ్చింది.
లోహిత్ పడుకోమన్నాడు, ఎనిమిది గంటలు, కదలకుండా.
ఆరు బిందెలు నింపి, మూతలు పెట్టి,
ఎడమ చేతి టేపు తడిసిపోతే
మళ్ళీ చుట్టుకుంటున్నాను.